రేగడి డొంకలో దిగబడి తెలుసుకున్నాను: ముందు టైర్లు చూడండి, ఫోర్ బై ఫోర్ సంగతి ఆ తర్వాత

"హైదరాబాద్‌లో ఉంటాం, సొంతూరు పల్నాడు, నెలకోసారి వెళ్తుంటాం. స్కార్పియో-ఎన్ డీజిల్‌లో వెనుక చక్రాల డ్రైవ్ సరిపోతుందా, ఫోర్ బై ఫోర్ తీసుకోవాలా?" అని అడిగారు.

వెనుక చక్రాల డ్రైవే తీసుకోండి. ఫోర్ బై ఫోర్‌కు, అంటే నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే బండికి, అదనంగా పెట్టే డబ్బులో కొంత చాలు, మట్టికీ తారుకీ పనికొచ్చే మంచి ఆల్ టెరైన్ టైర్లు వస్తాయి. మామూలుగా అయితే ఇంతటితో ఆపేసేవాణ్ని. మీది పల్నాడు అన్నారు కాబట్టి ఊరుకోలేకపోతున్నాను. అక్కడి నల్లరేగడిలో ఒక మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా బండితో ఇరుక్కుపోయినవాణ్ని.

మా మేనమామది పిడుగురాళ్ల వైపు ఊరు. అక్టోబర్ నెల, అల్పపీడనం వాన వెలిసి రెండు రోజులైంది. పత్తి చేను చూసొద్దామని బయల్దేరాం. డొంక మొదట్లోనే మామయ్య అన్నాడు: "అల్లుడూ, బండి ఇక్కడే పెట్టు. నడిచిపోదాం." పైన చూస్తే నేల ఎండి పెచ్చులు కట్టి ఉంది. మా వెనుక చక్రాల ఎస్‌యూవీ అప్పటికి శ్రీశైలం ఘాట్ నాలుగైదుసార్లు ఎక్కి దిగింది, నాకేం భయం లేదు. పోనిచ్చాను.

రెండు వందల గజాలు బాగానే వెళ్లింది. ఆ తర్వాత స్టీరింగ్ ఎటు తిప్పినా బండి తన ఇష్టం వచ్చినట్టు పక్క కాలవలోకి జారడం మొదలుపెట్టింది. నేను చేసిన తప్పు అప్పుడే, ఆపకుండా యాక్సిలరేటర్ తొక్కాను. వెనుక చక్రాలు గిర్రున తిరిగి ఇరుసు దాకా దిగబడ్డాయి. దిగి చూస్తే టైరు గాడి ఒక్కటీ కనిపించలేదు. గాడులన్నీ రేగడితో నిండిపోయి, టైరు జిగట మట్టి మెత్తిన రోకలిలా నున్నగా తయారైంది. రేగడితో వచ్చిన చిక్కు అది. ఇసుకలా జారిపోదు, ఎర్రమట్టిలా రాలిపోదు, పట్టుకుంటే వదలదు.

ఊళ్లో ఒకాయనకు ఫోర్ బై ఫోర్ జీపు ఉంది. కబురు పంపితే వచ్చాడు, లో గేర్ (మెల్లగా, ఎక్కువ బలంతో లాగే గేరు) వేసి లాగాడు. అయిదు నిమిషాల్లో ఆ జీపూ దిగబడింది. నా బండికి రెండు చక్రాలు తిరుగుతుంటే దానికి నాలుగూ తిరుగుతున్నాయి, తేడా అంతే. ఆయన టైర్లూ నావిలాంటి సన్న గాడుల రోడ్డు టైర్లే.

చివరికి ట్రాక్టర్ వచ్చింది. నడిపే కుర్రాడు దాన్ని డొంకలోకి తేనేలేదు, గ్రావెల్ రోడ్డు మీదే నిలబెట్టాడు. రెండు మోకులు కలిపి కట్టాం. చక్రాల ముందు మట్టి పారతో తీసి, కంది కట్టె పరిచాం. టైర్లలో గాలి సగానికి దింపమన్నది కూడా ఆ కుర్రాడే. గాలి తగ్గితే టైరు నేల మీద వెడల్పుగా పరుచుకుంటుంది, బరువు ఎక్కువ చోటికి పంచుకుంటుంది. మొదట జీపు వచ్చింది, తర్వాత మా బండి. మామయ్య ఒక్క మాట అనలేదు, ఇంటికొచ్చాక వేణ్నీళ్లు పెట్టించాడు.

ఆ తర్వాత నేను బండి మార్చలేదు, టైర్లు మార్చాను. వెడల్పు గాడులున్న ఆల్ టెరైన్ టైర్లలో మట్టి కొంతైనా విసిరేసే వీలుంది. తారు రోడ్డు మీద మోత కాస్త ఎక్కువ, మైలేజీ కాస్త తక్కువ. నాకది పెద్ద లెక్క కాదు. మరుసటి ఏడు చిన్న జల్లు పడ్డ మర్నాడు అదే డొంకలో చేను దాకా వెళ్లి వచ్చాను. గట్టి వాన పడితే మాత్రం ఇప్పటికీ నడిచే వెళ్తాను.

డెన్వర్‌లో ఉన్న మా పెదనాన్నగారి అబ్బాయి కూడా ఇదే మాట చెబుతాడు. కొలరాడోలో కొండల మీదుగా పోయే ఐ-70 హైవే మీద సెప్టెంబర్ నుంచి మే దాకా మంచు నిబంధన ఉంటుంది. రెండు చక్రాల డ్రైవ్ బండికైనా సరైన వింటర్ టైర్లుంటే పోనిస్తారు. ఆల్ వీల్ డ్రైవ్ ఉన్నా టైరు గాడి లోతు 3/16 అంగుళం, అంటే దాదాపు 5 మిల్లీమీటర్లు లేకపోతే ఒప్పుకోరు. మన దగ్గర 1.6 మిల్లీమీటర్ల దాకా అరగదీయొచ్చు. చాలామంది అదీ దాటించేస్తారు.

షోరూముల్లో చెప్పేది వింటే నాకు మండిపోతుంది. ఒకచోట సేల్స్ అబ్బాయి "ఘాట్ రోడ్డులో గ్రిప్ కోసం ఎప్పుడూ ఫోర్ హైలో పెట్టుకోండి సార్" అన్నాడు. థార్, స్కార్పియో-ఎన్ లాంటి బండ్లలో ఫోర్ హై, అంటే మామూలు వేగాల్లో నాలుగు చక్రాల డ్రైవ్, వేస్తే ముందు ఇరుసూ వెనుక ఇరుసూ ఒకే వేగానికి కట్టుబడిపోతాయి. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, తిరగనివ్వదు. మట్టిలో అయితే టైరు జారి సర్దుకుంటుంది. పొడి తారు మీద ఆ బిగువంతా, ఇంజన్ బలాన్ని రెండు ఇరుసులకూ పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ మీద పడుతుంది. ఎక్స్‌యూవీ 700 లాంటి బండ్లలో వచ్చే ఆల్ వీల్ డ్రైవ్ వేరు. అది తనంతట తాను సర్దుకుంటుంది, తారు మీద ఇబ్బంది లేదు, కానీ లో గేర్ ఉండదు. ఈ రెండింటినీ ఒకటేనన్నట్టు అమ్మేవాళ్లను ఎలా నమ్మాలి?

ఘాట్ గురించి భయపడకండి. ఎక్కేటప్పుడు బరువు వెనక్కి వాలుతుంది, వెనుక చక్రాలకు పట్టు పెరుగుతుంది. దిగేటప్పుడు కావాల్సింది బ్రేకులు, అవి ఏ బండికైనా నాలుగు చక్రాలకూ ఉంటాయి. వానలో బండి ఆగేది టైర్ల వల్లే, డ్రైవ్ వల్ల కాదు.

ఇంకో మాట. ఊళ్లలో మంచి తారు రోడ్లను దమ్ము చక్రాల ట్రాక్టర్లు చీల్చేస్తున్నాయి. ఇనుప చక్రాలతో రోడ్డెక్కకూడదని తెలిసీ ఎక్కిస్తారు, అడిగేవాళ్లు లేరు. ఆ రోడ్లు బాగుంటే మనలో సగం మందికి ఈ ప్రశ్నే రాదు.

మీ ఇల్లు రేగడి డొంక చివరే ఉండి, వానాకాలంలోనూ వెళ్లక తప్పదంటే ఫోర్ బై ఫోర్ తీసుకోండి, లో గేర్ ఉన్నదే తీసుకోండి. అప్పుడూ టైర్లు మార్చాల్సిందే. డిక్కీలో ఒక మోకు, ఒక పార, గాలి కొట్టే చిన్న పంపు పెట్టుకోండి. నెలకోసారైనా మట్టి దారిలో ఫోర్ హై వేసి కాస్త దూరం నడపండి, వాడకుండా వదిలేస్తే అవసరమైన రోజున పడకపోవచ్చు.