మెయిన్‌ఫ్రేమ్ వర్చువల్ మెషీన్‌లో గడియారం వెనకబడుతుందా?

ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌పై జెడ్/వీఎం (ఒకే యంత్రాన్ని చాలా వర్చువల్ మెషీన్లకు, అంటే సాఫ్ట్‌వేర్‌తో ఏర్పడే కంప్యూటర్లకు, పంచే ప్రోగ్రామ్) కింద నడిచే వర్చువల్ మెషీన్‌కు ప్రాసెసర్ వంతు కాసేపు రాకపోయినా, ఆ కారణంగా దాని గడియారం వెనకబడదు. 1900 జనవరి 1 నుంచి కాలాన్ని లెక్కించే 64 బిట్ల టీఓడీ (టైమ్ ఆఫ్ డే) గడియారం హార్డ్‌వేర్‌లోనే ఉంటుంది. వర్చువల్ మెషీన్ సమయం అడిగినప్పుడు, ఆ గడియారపు విలువకు ఆ మెషీన్‌కు కేటాయించిన తేడాను కలిపి ప్రాసెసరే జవాబిస్తుంది. ఉదాహరణకు, ఒక లినక్స్ గెస్టు (వర్చువల్ మెషీన్‌లో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్) 3 సెకన్లపాటు వంతు కోసం వేచి ఉంటే, మళ్లీ నడక మొదలైన క్షణంలో దానికి కనిపించే సమయం సరిగ్గా 3 సెకన్లు ముందుకు జరిగి ఉంటుంది.

గెస్టు టైమర్ అంతరాయాలను, అంటే టైమర్ నిర్ణీత వ్యవధుల్లో పంపే సంకేతాలను (టిక్కులను), లెక్కపెట్టుకుంటూ కాలం కొలుస్తుందని, అవి తప్పిపోతే సమయమూ పోతుందని చాలామంది అనుకుంటారు. టిక్కుల లెక్కపైనే ఆధారపడిన వ్యవస్థల్లో అది నిజమే గానీ, ఇక్కడ కాదు. ఇక్కడ అసలు చూడవలసింది హార్డ్‌వేర్ గడియారమే బయటి ప్రామాణిక సమయం నుంచి పక్కకు జరుగుతోందా అన్నది: దాన్ని సర్వర్ టైమ్ ప్రోటోకాల్, అంటే ఎస్‌టీపీ, బయటి ఎన్‌టీపీ (నెట్‌వర్క్ ద్వారా సరైన సమయం అందించే పద్ధతి) సర్వర్‌తో పోల్చి మెల్లగా సరిదిద్దుతుంది. ఎస్‌టీపీ అమర్చని చోట, గెస్టు లినక్స్‌లో క్రోనీ వంటి ఎన్‌టీపీ ప్రోగ్రామ్‌ను నడపాలి.