పాత్ర లోపాలకు పాయింట్లు ఎప్పుడు ఇవ్వాలి?

మీరు నడిపే రోల్‌ప్లేయింగ్ ఆటలో (ఆటగాళ్లు తలో పాత్ర ధరించి కలిసి కథ నడిపే ఆట) ఒక ఆటగాడు తన పాత్రకు ‘సముద్రమంటే భయం’ అనే లోపాన్ని ఎంచుకుని, దానికి వచ్చిన పాయింట్లతో కత్తిసాము పెంచుకున్నాడనీ, కథంతా అరకు కొండల్లోనే సాగుతున్నందున ఆ భయం ఒక్కసారైనా అతనికి అడ్డురాలేదనీ రాశారు. లోపం విలువ దాని తీవ్రత కంటే అది కథలో ఎదురయ్యే అవకాశాన్ని బట్టి ఉండాలి కనుక, అదే భయానికి విశాఖ హార్బరు కథలో పూర్తి పాయింట్లు, అరకులో దాదాపు సున్నా ఇవ్వడమే న్యాయం. 1986లో వచ్చిన గర్ప్స్ అనే ఆట నియమాల పద్ధతిలో లోపాలకు పాయింట్లు పాత్రను తయారుచేసేటప్పుడే ఇస్తారు. ఫేట్ అనే మరో పద్ధతిలో మాత్రం లోపం పాత్రను ఇబ్బందిపెట్టినప్పుడు, ఆటగాడు అందుకు ఒప్పుకుంటే, ఒక ఫేట్ పాయింటు (తర్వాత తనకు అనుకూలంగా వాడుకోగల పాయింటు) దక్కుతుంది. మీ బృందానికి రెండోదే నప్పుతుందని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే అప్పుడు ఆటగాడే తన లోపం బయటపడే సందర్భం కోసం వెతుకుతాడు. ఇప్పటికే ఇచ్చిన పాయింట్లను మాత్రం వెనక్కి తీసుకోకండి (స్నేహాలు చెడతాయి). కథను ఒకసారి భీమిలి తీరానికి దించి, ఆ కత్తివీరుణ్ణి పడవ ఎక్కమనండి.