గతానికి దారి ఉందా అని రాయబోయే ముందు

ప్రియమైన అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం శ్రద్ధగా చదివాను. చేయి తిరుగుతోంది, సంతోషం. కానీ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. "గతంలోకి వెళ్లవచ్చని ఐన్‌స్టీన్ నిరూపించాడు" అని రాశావు. ఆయన అలాంటిదేమీ నిరూపించలేదు. ఆ వాక్యం కొట్టేయి. అక్కడ ఏం రాయాలో చెప్పడానికే ఈ ఉత్తరం.

వేగంగా కదిలేవాడికి కాలం నెమ్మదిస్తుంది, అలా భవిష్యత్తులోకి వెళ్లవచ్చని నువ్వు రాసింది సరైనదే. 1971లో హాఫెలే, కీటింగ్ అతి కచ్చితమైన సీజియం అణు గడియారాలను ప్రయాణికుల విమానాల్లో భూమి చుట్టూ తిప్పి తెచ్చి, నేల మీది గడియారాలతో తేడా చూపించారు. గురుత్వం కూడా కాలాన్ని నెమ్మదింపజేస్తుంది; అది తక్కువగా ఉన్న ఎత్తులో తిరిగే జీపీఎస్ ఉపగ్రహాల్లో గడియారాలు మొత్తమ్మీద రోజుకు దాదాపు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి, దాన్ని సరిదిద్దుతూనే మన ఫోన్లు దారి చూపిస్తున్నాయి. అయితే ఈ ఆధారంతోనే నువ్వు తర్వాతి పేరాలో గతంలోకి వెళ్లిపోయావు. కాలం నెమ్మదించడానికీ వెనక్కి తిరగడానికీ మధ్య చాలా దూరం ఉంది. నీ వ్యాసం ఆ దూరం గురించే కావాలి.

తర్కశాస్త్రవేత్త కర్ట్ గోడెల్‌తో మొదలుపెట్టు. ప్రిన్స్‌టన్‌లో ఐన్‌స్టీన్‌కు ఆత్మీయుడు, ఇద్దరూ కలిసి నడుస్తూ మాట్లాడుకునేవారు. 1949లో ఆయన సాధారణ సాపేక్ష సిద్ధాంతపు (గురుత్వం గురించి ఐన్‌స్టీన్ చెప్పిన సిద్ధాంతం) సమీకరణాలకు ఒక వింత పరిష్కారం కనిపెట్టాడు. అందులో విశ్వమంతా గుండ్రంగా తిరుగుతుంది. అలాంటి విశ్వంలో కాంతి వేగంలో సుమారు 71 శాతం దాటిన వేగంతో తగినంత పెద్ద చుట్టు చుట్టి వస్తే, బయల్దేరిన క్షణానికే చేరుకోవచ్చు. ఐన్‌స్టీన్ దీన్ని తోసిపుచ్చలేదు, నెత్తికెత్తుకోనూ లేదు. ఇలాంటి పరిష్కారాలను భౌతిక కారణాలతో పక్కన పెట్టాల్సి ఉంటుందేమో ఆలోచించాలన్నాడు. మనకు కనిపిస్తున్న విశ్వం అలా తిరుగుతున్న జాడ లేదు. పైగా అది వ్యాకోచిస్తోంది, గోడెల్ విశ్వం వ్యాకోచించదు.

సమీకరణానికి పరిష్కారం దొరికింది కాబట్టి ప్రకృతిలో అది ఉండి తీరుతుందని అనుకోకు. ఏ పరిష్కారం చూసినా ఒకటే ప్రశ్న వేయి: దీనికి ఎలాంటి పదార్థం కావాలి? 1974లో ఫ్రాంక్ టిప్లర్ చూపిన తిరిగే స్తంభానికి అంతులేని పొడవు కావాలి. అక్కడితో దాన్ని వదిలేయవచ్చు.

వర్మ్‌హోల్‌ను, అంటే విశ్వంలో దూరంగా ఉన్న రెండు చోట్లను కలిపే ఊహా సొరంగాన్ని, మాత్రం అంత తేలిగ్గా వదలకు. 1988లో భౌతికశాస్త్రవేత్తలు కిప్ థోర్న్, మోరిస్, యుర్ట్‌సెవర్ దాన్ని కాలయంత్రంగా ఎలా మార్చవచ్చో చూపారు. రెండు ముఖాల్లో ఒకదాన్ని కాంతికి దగ్గరి వేగంతో తీసుకెళ్లి వెనక్కి తెస్తే, దాని గడియారం వెనకబడుతుంది. ఆ తేడాయే గతానికి దారి. కానీ రెండు ముఖాల మధ్య ఉన్న ఇరుకు దారి, అంటే ఆ గొంతు, మూసుకుపోకుండా ఉండాలి కదా! ఇక్కడ కోల్‌కతా నుంచి మన భౌతికశాస్త్రవేత్త అమల్ కుమార్ రాయ్‌చౌధురి వస్తారు. ఆయన 1955 నాటి సమీకరణం ప్రకారం, మామూలు పదార్థపు గురుత్వం కాంతి కిరణాలను ఒకచోటికి చేరుస్తుంది. వర్మ్‌హోల్ గొంతు చేయాల్సింది దానికి వ్యతిరేకం: దగ్గరవుతూ లోపలికి వచ్చిన కిరణాలను అవతల విప్పార్చి పంపాలి. అంటే రుణ శక్తి, సున్నా కంటే తక్కువైన శక్తి, కావాలి. 1948లో కాసిమిర్ ఊహించిన ప్రభావంలో, రెండు లోహపు పలకల మధ్య అతి సన్నని సందులో అలాంటిది ఉంటుంది. అయితే అది అత్యల్పం. మనిషి పట్టేంత గొంతును తెరిచి ఉంచడానికి అది ఏ మూలకూ చాలదు. ఈ భాగం నిదానంగా, విడమరచి రాయి. తెలుగులో ఇది చెప్పినవాళ్లు తక్కువ, నీకు చెప్పగల శక్తి ఉంది.

1992లో స్టీఫెన్ హాకింగ్ ఇంకో అడ్డు చూపించాడు. దారి తెరుచుకునే క్షణంలో శూన్యంలో కూడా ఆగకుండా ఉండే సూక్ష్మమైన క్వాంటం కంపనాలు ఒకదాని మీద ఒకటి పేరుకుపోయి యంత్రాన్నే ధ్వంసం చేస్తాయని ఆయన అంచనా. "ప్రకృతి కాలక్రమాన్ని కాపాడుకుంటుంది" అన్న ఆ మాటను నియమమని రాయకు, అది ప్రతిపాదన మాత్రమే. 1997లో కే, రాడ్జికోవ్‌స్కీ, వాల్డ్ గణితపరంగా చూపిందేమిటంటే, గతానికి దారి తెరుచుకునే సరిగ్గా ఆ సరిహద్దు దగ్గర ఇప్పటి సిద్ధాంతాలు పనిచేయడం మానేస్తాయి. గురుత్వాన్నీ క్వాంటంనూ కలిపే సిద్ధాంతం వస్తే తప్ప తీర్పు రాదు. "తెలియదు" అని రాయడానికి జంకకు. ఎందుకు తెలియదో ఇంత స్పష్టంగా చెప్పగలిగితే పాఠకుడికి అదే పెద్ద కానుక.

గతంలోకి వెళ్లి తాతను చంపే మనవడి కథకు (అప్పుడు ఆ మనవడు పుట్టేదెలా?) నువ్వు ఒక పేజీ ఇచ్చావు. అందరూ రాసేదే, తగ్గించు. దాని బదులు బిలియర్డ్ బంతి కథ చెప్పు. గతంలోకి వెళ్లిన బంతి తనను తానే ఢీకొట్టి దారి తప్పిస్తే, అసలు గతంలోకి ఎలా వెళ్లింది? ఇది భౌతికశాస్త్రవేత్త పోల్చిన్‌స్కీ అడిగిన ప్రశ్న. థోర్న్‌తో కలిసి ఎచెవెర్రియా, క్లింక్‌హామర్ 1991లో లెక్కలు వేశారు. బంతి తనను తాను నేరుగా కాక ఓరగా తాకి, కొద్దిగా పక్కకు నెట్టి, ఆ మార్పుతోనే వర్మ్‌హోల్‌లోకి వెళ్లే పరిష్కారాలు దొరికాయి. అదీ ఒకటి కాదు, అనంతం! వైరుధ్యం వస్తుందని భయపడితే, జవాబులు మితిమీరి వచ్చాయి. ఒకే ఆరంభానికి ఇన్ని కొనసాగింపులుంటే భౌతికశాస్త్రం ఏది జరుగుతుందని చెప్పగలదు? నాకు ఈ చిక్కు తాత కథ కంటే ఎంతో లోతైనదనిపిస్తుంది.

నీ తర్వాతి కథలో నాయకుడిని కృష్ణదేవరాయల కొలువుకు పంపుతానన్నావు. వర్మ్‌హోల్ యంత్రంతో మాత్రం పంపకు. ఆ యంత్రం తాను తయారైన క్షణం కంటే వెనక్కి ఎవరినీ తీసుకెళ్లలేదు. ఈనాడు కడితే 1509కి దారి ఉండదు. అయినా హంపీయే కావాలంటే, ఎవరో చాలా పూర్వమే ఆ దారిని కట్టి వదిలేశారని కల్పించాలి. అప్పుడు కట్టినవాళ్లెవరన్నది కథలో పెద్ద ప్రశ్న అవుతుంది. నాకైతే ఆ కథ చదవాలని ఉంది.

ముందు వ్యాసం తిరగరాసి పంపు. రాయ్‌చౌధురి భాగం ఎంత పెరిగినా ఫరవాలేదు.

ప్రేమతో,
మీ మాస్టారు