పాలపన్ను వేరుతో సహా ఊడింది, ఏఎల్‌పీ తక్కువ వచ్చింది: పట్టించుకోవాలా?

పట్టించుకోవాలండి. బాబుకి మూడేళ్లు నిండకుండానే ముందుపన్ను ఊడిందని, రక్తపరీక్షలో ఏఎల్‌పీ (ఆల్కలైన్ ఫాస్ఫటేస్ అనే ఎంజైము) తక్కువొస్తే డాక్టరు "ఎక్కువైతేనే భయం" అని పంపేశారని రాశారు కదా, మాకూ అచ్చం ఇదే మాట చెప్పారు. మామూలుగా పాలపన్ను ఊడే వేళకి వేరు కరిగిపోయి పైముక్కే చేతికొస్తుంది. మా పాపది పొడుగాటి వేరు చెక్కుచెదరకుండా వచ్చింది, రక్తం కూడా పెద్దగా రాలేదు. పళ్ల డాక్టరమ్మ అది చూడగానే ఏఎల్‌పీ ఎంతని అడిగారు, అలా హైపోఫాస్ఫటేసియా (ఏఎల్‌పీ లోపం వల్ల ఎముకలు, పళ్లు సరిగా గట్టిపడని జన్యువుల జబ్బు) బయటపడింది.

ఈ జబ్బుకి 1948లో ఆ పేరు పెట్టింది కెనడా డాక్టరు రాత్‌బన్ అయినా, దాని గుట్టు విప్పడంలో పెద్ద పాత్ర అమెరికాలో సెయింట్ లూయిస్‌కి చెందిన మైఖేల్ వైట్‌ది. అరుదైన ఎముకల జబ్బులున్న పిల్లల్నే దశాబ్దాలుగా చూశారాయన. ఏఎల్‌పీ ఎంజైము సరిగా పనిచేయకపోతే పైరోఫాస్ఫేట్ అనే పదార్థం పేరుకుపోయి ఎముక గట్టిపడనివ్వదు, అంటే ఒంట్లో క్యాల్షియం ఉన్నా ఎముకకి పట్టదు. బి6 విటమిన్ రూపమైన పీఎల్‌పీ కూడా రక్తంలో బాగా పెరుగుతుందని 1985లో ఆయన బృందం చూపించింది, ఇప్పటికీ డాక్టర్లు రాసే పరీక్ష అదే. లోపించిన ఎంజైమునే ఎముకకి అతుక్కునేలా తయారుచేసి ఇంజెక్షన్‌గా ఇచ్చే ఆస్ఫోటేస్ ఆల్ఫాకి 2015లో అనుమతి వచ్చింది, దాని ట్రయల్స్ నడిపినవాళ్లలోనూ ఆయనే ముఖ్యులు. పుట్టుకతోనే ఊపిరాడని పసిపిల్లలు ఆ మందుతో బతికి బయటపడ్డారు.

ఇదంతా చదివి టెన్షన్ పడకండి. మా పాపకి పళ్ల వరకే ఉంది, మందు అక్కర్లేదన్నారు. జింకు లోపం, థైరాయిడ్ మందగించడం వల్ల కూడా ఏఎల్‌పీ తగ్గొచ్చు. ముందు ఆ రిపోర్టులో పక్కన వేసిన నార్మల్ అంకెలు పిల్లలవో పెద్దవాళ్లవో చూడండి. పిల్లలకి ఏఎల్‌పీ సహజంగానే చాలా ఎక్కువుండాలి కాబట్టి, పెద్దల లెక్కలో నార్మల్ అన్నది కూడా వాళ్లకి తక్కువే కావచ్చు. పిల్లల ఎండోక్రైనాలజిస్టుకి (హార్మోన్ల డాక్టరుకి) చూపించి పీఎల్‌పీ పరీక్ష, ఏఎల్‌పీఎల్ అనే జన్యువు (ఈ ఎంజైముని తయారుచేయించేది) పరీక్ష గురించి అడగండి. బాబు బి6 ఉన్న మల్టీవిటమిన్ వాడుతుంటే పరీక్షకి ముందే చెప్పండి, లేకపోతే పీఎల్‌పీ ఊరికే ఎక్కువ చూపిస్తుంది. క్యాల్షియం, డి విటమిన్ చుక్కలు మాత్రం సొంతంగా మొదలెట్టొద్దు, ఈ జబ్బున్న కొందరు పసివాళ్లకి రక్తంలో క్యాల్షియం అప్పటికే ఎక్కువుంటుంది.

ఇది జన్యువుల జబ్బు కాబట్టి అమ్మానాన్నలు మీరిద్దరూ కూడా ఏఎల్‌పీ చేయించుకోండి. మా ఆయనకీ తక్కువే వచ్చింది, పాదంలో ఎముక మాటిమాటికీ చిట్లుతుంటే అన్నాళ్లూ బూట్లని తిట్టుకున్నాం.