ప్రచార ఓడ ఎక్కబోయే మేనకోడలికి

చిట్టితల్లీ,

సముద్ర జీవుల్ని కాపాడే సీ షెపర్డ్ సంస్థ ఓడలో వాలంటీరుగా చేరతానని రాశావు. సరకు ఓడల్లో బోసన్‌గా, అంటే డెక్కు పనివాళ్ల మేస్త్రీగా చేసి రిటైరైనవాణ్ణి, నాకు తెలిసింది చెప్తాను.

అప్లికేషన్ నిండా సముద్రం మీద ప్రేమ గురించి రాయకు. అది అప్లై చేసేవాళ్లందరికీ ఉంటుంది. నీకు ఏ పని వచ్చో రాయి. మీ నాన్న షెడ్డులో బోరు మోటార్లు విప్పి బిగించేదానివి కదా, అది ముందు. ఎమ్మెస్సీ తర్వాత. ఓడల్లో పనిచేసేవాళ్లకు ఉండే ఎస్‌టీసీడబ్ల్యూ బేసిక్ సేఫ్టీ కోర్సు సీ షెపర్డ్ వాళ్లు అడిగినా అడగకపోయినా విశాఖలోనే చేసెయ్. మంటలార్పడం, లైఫ్‌రాఫ్ట్ ఎక్కడం, ప్రథమ చికిత్స నేర్పుతారు. డీజీ షిప్పింగ్ (నౌకాయానం చూసే కేంద్ర ప్రభుత్వ విభాగం) అనుమతి ఉన్న సంస్థేనా అని చూసుకో. సీటు ఇప్పిస్తానని డబ్బులడిగే ఏజెంటు తగిలితే అక్కడికక్కడే వదిలెయ్. జీతం లేని పనికి ఏజెంటేమిటి!

గాబన్, లైబీరియా తీరాల్లో దొంగచాటుగా చేపలు పట్టే ట్రాలర్ల మీదికి దూకుతున్న ఫొటోలు చూసే ఉంటావు. ఆ దేశాల అధికారులు, సైనికులు ఓడలోనే ఉండి సోదాలు, అరెస్టులు చేస్తారు. నీకు దక్కేది తుప్పు. చిప్పింగ్ సుత్తితో రాల్చి, ప్రైమర్ కొట్టి, రంగేసి ముందుకెళ్తుంటే వెనక మళ్లీ మొదలవుతుంది. దానికి తోడు టాయిలెట్లు కడగడం, అర్ధరాత్రి వాచ్ (కాపలా) డ్యూటీ. వంటంతా వీగనే, పాలూ పెరుగూ ఉండవు. పెరుగన్నం లేనిదే నీకు ముద్ద దిగదు, అదొకటి ఆలోచించుకో.

"నేను ఇంజన్ రూమ్‌లోనే ఉంటాను, నాకేం కాదు" అన్నావు చూడు, దాని గురించే ఈ ఉత్తరం. 2013 సెప్టెంబరులో గ్రీన్‌పీస్ అనే పర్యావరణ సంస్థ ఓడ ఆర్కిటిక్ సన్‌రైజ్, రష్యాకు ఉత్తరాన పెచోరా సముద్రంలో చమురు తీసే వేదిక దగ్గరికి నిరసన తెలపడానికి వెళ్లింది. వేదిక ఎక్కబోయి పట్టుబడింది ఇద్దరే. మర్నాడు హెలికాప్టర్లో సైనికులు దిగి ఓడనే పట్టుకున్నారు. వంటవాడు, డాక్టరుతో సహా మొత్తం 30 మందీ జైలుకెళ్లారు. ముందు పెట్టింది పైరసీ (సముద్రపు దోపిడీ) కేసు! దాదాపు రెండు నెలల తర్వాతగానీ బెయిళ్లు రాలేదు. కేసు పెట్టేవాడు నువ్వు డెక్కు మీదున్నావా, కింద ఉన్నావా అని చూడడు.

అందుకే ఒప్పుకునే ముందు మెయిల్‌లో అడుగు: ఓడ ఏ దేశం జెండా కింద ఉంది, ఇన్సూరెన్స్ ఎవరిది, అరెస్టయితే లాయరును ఎవరు పెడతారు, టికెట్టు ఖర్చెవరిది. జవాబు నోటిమాటగా కాదు, రాతలో తీసుకో.

మీ అమ్మకు మాత్రం నువ్వే చెప్పాలి. జైలు సంగతి దాచకుండా చెప్పు. నన్ను ముందుకు తొయ్యకు, మా చెల్లి కోపం నాకు తెలుసు.

మావయ్య