రంగులెన్ని వేసినా ముఖం తేలదేం?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి ఒక పాఠకురాలు): ఆయిల్ పాస్టెల్స్‌తో (నూనె, మైనం కలిసిన రంగు కడ్డీలు) నైరూప్య ముఖాలు వేస్తున్నాను. 25 రంగుల పెట్టెలో అన్నీ వాడినా బొమ్మ చప్పగానే ఉంటోంది. పసుపు పక్కన నలుపు వేస్తే పాచిరంగు వచ్చేస్తోంది. ఎక్కడ తప్పుతున్నాను?

జవాబు: ఎరుపు పక్కన ఆకుపచ్చ వేస్తే కొట్టొచ్చినట్టు కనబడుతుందని అనుకుంటాం. కానీ పెట్టెలోని మామూలు ఎరుపు, మామూలు ఆకుపచ్చ ముదురులో దాదాపు సమానం. మీ బొమ్మను ఫోన్‌తో ఫొటో తీసి నలుపు-తెలుపులోకి మార్చి చూడండి. రెండూ ఒకే బూడిదరంగులో కలిసిపోతే, చప్పదనానికి కారణం అదే. పసుపు, ఊదా అలా కాదు. రంగుల్లోనూ ఎదురెదురు, లేత-ముదురుల్లోనూ చాలా దూరం. ముందు ఆ రెండింటికి తెలుపు, నలుపు కలిపి నాలుగింటితోనే వేయండి.

మీ ఊళ్లో రథయాత్రకి దర్శనమిచ్చే జగన్నాథుడి ముఖాన్ని ఈ కంటితో చూడండి. చెవులు లేవు, రెప్పలు లేవు. నల్లటి ముఖంలో గుండ్రటి తెల్ల వలయాలు, వాటి చుట్టూ ఎరుపు. తెలుపు కొంచెమే, అయినా వీధి చివర నుంచి చూసినా చూపు అక్కడికే పోతుంది. సవర గిరిజనులు గోడల మీద వేసే ఇడితాల్ బొమ్మల్లోనూ అంతే: ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండి తెలుపు.

ఇక పని. ఎ4 షీటు 200 జీఎస్ఎంకి (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) తగ్గకుండా, కాస్త గరుకుగా ఉండాలి. పెన్సిలు గీత లేత రంగును మురికి చేస్తుంది, కాబట్టి లేత పసుపు పాస్టెల్‌తోనే గీయండి. నుదుటి నుంచి ముక్కు మీదుగా గడ్డం దాకా ఒకే వంకర గీత, దానికి అటూ ఇటూ కలిపి ఎనిమిది పది ముక్కలు. ప్రతి ముక్కా లేతా, మధ్యా, ముదురా అన్నది రంగు ముట్టకముందే అగ్గిపెట్టెంత చిత్తు బొమ్మలో తేల్చుకోండి. ఈ అయిదు నిమిషాలు మిగుల్చుకుంటేనే తర్వాత గంటసేపు దిద్దుకోవాల్సి వస్తుంది.

ముందు లేతవి, తర్వాత మధ్యవి, నలుపు ఆఖరున. పసుపుకీ నలుపుకీ మధ్య 2 మిల్లీమీటర్లు ఖాళీ వదలండి. చివర్లో ఆ సందును నలుపుతో ఒక్క గీతలో మూయండి, రుద్దొద్దు. రుద్దితేనే మీరన్న పాచిరంగు పుడుతుంది. రంగు మార్చినప్పుడల్లా కడ్డీ మొనను గుడ్డకి తుడవాలి. ముక్క లోపల రంగు పులమాలంటే లేతకొక వేలు, ముదురుకొక వేలు వాడండి. ఉత్త నలుపు కంటే ముదురు నీలం మీద నలుపు వేస్తే లోతుగా వస్తుంది. మూడో పూతకి కడ్డీ జారుతోందంటే కాగితం గరుకంతా మైనంతో నిండిపోయిందన్నమాట. పాత ప్లాస్టిక్ కార్డు అంచుతో పైపొర గీకేసి మళ్లీ వేయండి.

అన్నిటికంటే లేతదీ, అన్నిటికంటే ముదురుదీ ఒక కంటి దగ్గరే కలవాలి. రెండో కన్ను మధ్య రంగుల్లోనే ఉండనివ్వండి. జగన్నాథుడికి రెండు కళ్లూ చెల్లాయి, అక్కడ పోటీకి ఇన్ని ముక్కలు లేవు కనుక.

ప్రశ్న (సిరొంచ నుంచి ఒక విద్యార్థి): ఎండాకాలం కడ్డీలు మెత్తబడి చేతికంటుకుంటున్నాయి. కడ్డీ నుంచి రాలే నల్ల పొక్కులు తెలుపు మీద పడి బొమ్మ పాడవుతోంది.

జవాబు: వీటిలోని నూనె ఆరేది కాదు, వేడికి మైనమూ మెత్తబడుతుంది. పొద్దున్నే వేయండి, లేదంటే మూత బిగించిన డబ్బాలో కడ్డీలను పది నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచండి. షీటును ఏటవాలు పలకకి అంటించి, కింద పడే పొక్కులు జారిపోయేలా పెట్టండి. నిలిచిన పొక్కును చేత్తో తుడవకండి, మరకవుతుంది. సూదిమొనతో పైకి లేపేయండి. చేతి కింద బటర్ పేపర్ తప్పనిసరి.

ప్రశ్న (రాయగడ నుంచి): కొబ్బరినూనెతో కలిపితే నున్నగా వస్తోంది. వాడొచ్చా? బొమ్మకి అద్దం వేయించొచ్చా?

జవాబు: నూనె వద్దు. అది కాగితంలోకి పాకి రంగు చుట్టూ జిడ్డు వలయం కడుతుంది, వెనక్కి కూడా దిగుతుంది. మెత్తటి కాగితపు రుమాలు చాలు. అద్దం వేయించండి, కానీ బొమ్మకి తగలకూడదు. తగిలితే రంగు అద్దానికి అంటుకుంటుంది. బొమ్మకీ అద్దానికీ మధ్య 3, 4 మిల్లీమీటర్ల మందం మౌంటు (అట్ట చట్రం) పెట్టమని ఫ్రేములు కట్టేవాళ్లకి ముందే చెప్పండి. అప్పటిదాకా బటర్ పేపర్ కప్పి, పైన బరువు పెట్టకుండా దాచండి.