అన్నిటికీ ‘వక్రీకరణ’ ఒక్కటేనా?

సందేహం: నేను ఇంగ్లీషు నుంచి వార్తలు, వ్యాసాలు అనువదిస్తూ ఉంటాను. డిస్టార్ట్, కరప్ట్, గార్బుల్, స్లాంట్, పర్వర్ట్ వంటి మాటలు ఎదురైనప్పుడల్లా ‘వక్రీకరించు’ అనే రాస్తున్నాను. ఈమధ్య ‘ప్రపంచ పటంలో గ్రీన్‌లాండ్ వైశాల్యం వక్రీకరించబడింది’ అని రాస్తే సంపాదకులు కారణం చెప్పకుండా కొట్టివేశారు. అందులో తప్పేమిటి? పనిలో పనిగా, ‘వక్రీకరణ’, ‘వక్రికరణ’లలో ఏది సాధువో చెప్పగలరు.

సమాధానం: సంపాదకులు కొట్టివేయడం సబబే. ‘బడు’ ప్రయోగం మీద నాకున్న కోపం వేరే సంగతి. అది లేకున్నా ఆ వాక్యం నిలవదు. ‘వక్రీకరించు’ అనే మాటలో ఒక నేరారోపణ దాగి ఉంది. ఎవరో ఒకరు, తెలిసి, తిన్నగా ఉన్నదాన్ని వంకర చేశారన్న భావం లేకుండా ఆ క్రియను తెలుగువారు వాడరు. పటం విషయంలో అటువంటి దోషి ఎవరూ లేరు.

ఈ భావం ఆ మాట నిర్మాణంలోనే ఉంది. సంస్కృతంలో ‘చ్వి’ అనే ప్రత్యయం ఒకటి ఉంది. అంతకుముందు అలా లేనిది అలా కావడాన్ని అది తెలుపుతుంది. దాని తరువాత ‘కృ’ ధాతువు వస్తే చేయడం, ‘భూ’ ధాతువు వస్తే కావడం. మన బడి పుస్తకాలలోని ద్రవీభవనం, ఘనీభవనం, బాష్పీభవనం ఈ రెండో తెగవి. మంచు ద్రవీభవిస్తే అది తానే కరిగినట్టు. ఇద్దరు ఒక అభిప్రాయంతో ఏకీభవిస్తారు, కాని చిన్న సంస్థలను మరెవరో ఏకీకరిస్తారు. అదే విధంగా కాంతి గాలిలోనుంచి నీటిలోకి ప్రవేశించేటప్పుడు దారి మార్చుకోవడాన్ని భౌతికశాస్త్రంలో ‘వక్రీభవనం’ అంటున్నామే గాని ‘వక్రీకరణ’ అనడం లేదు. గ్లాసు నీటిలో నిలిపిన చెంచా విరిగినట్టు కనబడితే అందులో నీటి దురుద్దేశం ఏమీ లేదని ఆ పారిభాషిక పదాన్ని కూర్చినవారికి తెలుసు.

ఇంగ్లీషు డిస్టార్ట్‌కు ఈ పట్టింపు లేదు. మెలితిప్పడం అనే అర్థమున్న లాటిన్ ధాతువు నుంచి పుట్టిన మాట అది. టార్చర్, టార్క్ దాని దాయాదులే. మనిషి చేసినా, యంత్రం చేసినా, గణితం చేసినా ఆ మాట ఒప్పుకుంటుంది. మీరు చెప్పిన పటం బహుశా 1569లో మెర్కేటర్ రూపొందించిన పద్ధతిది. నావికులకు దిక్కులు సరిగా చూపడం కోసం, ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ భూభాగాలను సాగదీయక తప్పని పద్ధతి అది. అందువల్ల గ్రీన్‌లాండ్ అందులో ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికా దానికి దాదాపు 14 రెట్లు. ఇక్కడ ‘పటంలో గ్రీన్‌లాండ్ ఉన్నదానికంటే ఎన్నో రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది’ అంటే చాలు. స్పీకరులో ధ్వని డిస్టార్ట్ అయితే ‘బొంగురుపోయింది’, ‘చెదిరింది’ అని వినేవాడి చెవిని బట్టి రాయవచ్చు. ఒక నాయకుడి ప్రసంగంలోని మాటలనే మార్చి ప్రచారం చేసినప్పుడు మాత్రం ‘వక్రీకరించారు’ అనండి, అక్కడ అది అతికినట్టు సరిపోతుంది. మాటలను అలాగే ఉంచి అర్థాన్ని మాత్రమే మార్చినవాడికి వేరే మాటలున్నాయి: అతడు ‘పెడర్థం’ తీశాడు, లేదా ‘వక్రభాష్యం’ చెప్పాడు.

ఆ ‘పెడ’ ఎంత పనికివచ్చేదో గమనించండి. పెడదారి, పెడచెవి, పెడమొగం అన్నింటిలోనూ అది పక్కకు తిరగడాన్నే చెబుతుంది. పర్వర్ట్ అనే మాటలో ఉన్నదీ ఆ తిరగడమే. దాని లాటిన్ ధాతువు మన ‘వర్తనం’, ‘వృత్తం’ పుట్టిన సంస్కృత ‘వృత్’ ధాతువుకు జ్ఞాతి. కాబట్టి న్యాయవిచారణను పర్వర్ట్ చేశారంటే ‘పెడదారి పట్టించారు’ అని రాస్తే అర్థంతోపాటు చిత్రం కూడా తెలుగులోకి వస్తుంది.

కరప్ట్ అంటే అందరికీ ముందు తోచేది అవినీతి. అది ఆ మాటకు ఒక కొమ్మ మాత్రమే. విరగగొట్టడం దాని మూలార్థం; ఇంటరప్ట్, బ్యాంక్రప్ట్ ఆ కుటుంబంలోవే. కంప్యూటరులో ఫైలు కరప్ట్ అయితే అది పాడయింది, అంతే. తాళపత్రాన్ని చూసి రాసుకున్నవాడి పొరపాటు వల్ల పద్యం కరప్ట్ అయితే దాన్ని పండితులు ‘అపపాఠం’ అంటారు; ఎవరో తమ పద్యాన్ని మధ్యలో చొప్పిస్తే అది ‘ప్రక్షిప్తం’. మనుషుల నడతను కరప్ట్ చేయడానికి తెలుగులో ఒకప్పుడు ‘చెరచు’ అనే చక్కని మాట ఉండేది. ‘తాను చెడ్డ కోతి వనమెల్లా చెరిచింది’ అన్న సామెతలో ఆ అర్థం ఇంకా బతికే ఉంది. ఇప్పుడు ఆ క్రియ అత్యాచారం అనే అర్థానికే పరిమితమైపోయింది గనుక ‘చెడగొట్టు’తో సరిపెట్టుకోవాలి.

భాష గురించి రాసేటప్పుడు కరప్షన్ మరీ ఇబ్బంది పెడుతుంది. తెలుగు మాటలను వివరించిన పాత ఇంగ్లీషు నిఘంటువులలో ఫలానా మాట ఫలానా సంస్కృత పదానికి ‘కరప్షన్’ అన్న ధోరణి కనిపిస్తుంది. దాన్ని ‘భ్రష్టరూపం’ అని అనువదిస్తే మన నోటి మాటను మనమే తిట్టుకున్నట్టవుతుంది. మన వ్యాకరణం రాత్రిని ప్రకృతి అనీ, రాతిరిని వికృతి అనీ అంటుంది. అక్కడ వికృతి అంటే మారిన రూపమే గాని వికారం కాదు. ‘అచ్చెరువు’ను చూసి ఎవరూ ‘ఆశ్చర్యం’ చెడిపోయిందని దిగులుపడరు. మచిలీపట్నాన్ని ‘మసూలిపటం’ అనీ, శ్రీకాకుళాన్ని ‘చికాకోల్’ అనీ దొరలు పలికినదాన్ని ఏమనాలో మీ ఇష్టానికే వదిలేస్తున్నాను.

గార్బుల్ కథ వీటన్నిటికంటే రుచికరమైనది. అరబ్బీలో జల్లించడానికి ఉన్న మాట మధ్యధరా వర్తకుల ద్వారా ఇంగ్లీషుకు చేరి, మొదట సుగంధద్రవ్యాలలోని చెత్తను ఏరివేయడం అనే మంచి అర్థంలోనే స్థిరపడింది. లండన్ నగరంలో ఆ పని చేసే అధికారిని గార్బ్లర్ అనేవారు. తరువాత అది ఎదుటివాడి మాటలలో తనకు పనికివచ్చే ముక్కలనే జల్లెడ పట్టి తీయడమైంది, ఆపైన మాట గజిబిజి కావడమైంది. విచిత్రమేమిటంటే మన దేశంలో మిరియాల వర్తకులు పాత అర్థాన్ని ఇంకా వదలలేదు: ‘మలబార్ గార్బుల్డ్’ అనేది నేటికీ శుభ్రం చేసిన మిరియాల శ్రేణి పేరు. దాన్ని ‘వక్రీకరించిన మలబారు మిరియాలు’ అని తెలుగు చేసినా చేయగల ధైర్యవంతులున్నారు. వార్తలో ఈ మాట వస్తే సందర్భం చూడండి. ఫోన్ సందేశమైతే ‘ముక్కలు ముక్కలుగా వినిపించింది’. తెలుగు అక్షరాలు తెర మీద డబ్బాలుగా, ప్రశ్నార్థకాలుగా మారితే ‘అక్షరాలు చెదిరిపోయాయి’. ప్రసంగంలో ఒక వాక్యాన్ని కత్తిరించి చూపితే ‘సందర్భం నుంచి తెంచారు’.

స్లాంట్, బయస్ వేరే జాతి. వీటిలో అబద్ధం ఉండనక్కరలేదు. ఒక పక్షం వాదనను మొదటి పేరాలోను, రెండో పక్షాన్ని చివరి పేరాలోను పెడితే ప్రతి వాక్యమూ నిజమే అయినా వార్త ఒరిగిపోతుంది. దాన్ని వక్రీకరణ అనడం అన్యాయం. తెలుగులో త్రాసు నుంచి వచ్చిన ‘మొగ్గు’ అనే మాట ఉంది, ‘ఒక వైపు మొగ్గు చూపుతూ రాశారు’ అనండి. ‘పక్షపాతం’ కూడా ఆ బొమ్మనే చూపుతుంది: పక్షం మీదికి పడటం. అయితే వాడుకలో అది కొంత బరువెక్కింది గనుక తప్పు రుజువైన చోటికి దాన్ని దాచుకోవడం మేలు. దర్జీలు చీరకట్టు జాకెట్టుకు ‘క్రాస్ కట్’ అనే ఏటవాలు కత్తిరింపునే ఇంగ్లీషువారు బయస్ కట్ అంటారు. అక్కడ పక్షపాతం వెతకకండి.

వార్ప్ గురించి మీరు అడగలేదు గాని, చేనేత వ్యాసాలలో అది పడుగు అని గుర్తుంచుకోండి. అడల్టరేట్ కల్తీ. డాక్టర్డ్ వీడియో అంటే మార్పులు చేసిన వీడియో. ట్యాంపరింగ్‌ను పత్రికలు అలాగే ఉంచుతున్నాయి, బంతి విషయంలో అది పాఠకులకు అలవాటైపోయింది కూడా.

ఇక మీ రెండో ప్రశ్న. చ్వి ప్రత్యయం చేరినప్పుడు ముందున్న పదం చివరి అకారం దీర్ఘ ఈకారమవుతుంది: శుద్ధ శుద్ధీకరణ అయినట్టే, వక్ర వక్రీకరణ అవుతుంది. హ్రస్వంతో ‘వక్రికరణ’ అసాధువు. ‘వక్రీకరణం’ అని అనుస్వారంతో రాసినా దోషం లేదు.